గేటు పడితే

శ్యామలానగర్ గేటు పడితే
నా పంచర్ల కొట్టు ముందు
సగం గుంటూరు ఆగుద్ది.
గాలి కొట్టించుకునేది ఇద్దరు,
బండెప్పుడొస్తదని అడిగేది ఇరవై మంది.

టక్కు చేసుకున్న కుర్రాడొకడు
మూడు రోజులు నిలబడి తలలు లెక్కెట్టాడు.
"మస్తాన్ బాబాయ్, ఆగిన కళ్ళకే రేటు."
నెలకి రెండువేలు.
నా గోడ మీద పళ్ళపొడి నవ్వు వెలిసింది.

అప్పట్నుంచీ గూడ్సంటే ప్రాణం నాకు.
యాభై ఎనిమిది పెట్టెలు,
గల్లాలో చిల్లర పడుతున్నట్టే
ఒక్కోటీ.

నిన్న అంబులెన్సు ఆగింది.
లోపల స్ట్రెచర్ పక్కన పిల్ల
వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని,
ఎటు చూడాలో తెలీక
ఆ పళ్ళకేసే చూస్తా ఉంది.
నలభై ఒకటో పెట్టె. నలభై రెండు.

రేపొస్తాడు కుర్రాడు, లెక్కకి.
ఆ రెండు కళ్ళూ
కలపమంటాడేమో.