కోరవల్స హాల్ట్

మా ఊరు కొర్రవలస.
రైలువాళ్ల బోర్డు మీద మాత్రం కోరవల్స.
కొలతలకొచ్చిన దొర చెవికి అలాగే వినబడిందట,
వాడి స్పెల్లింగు చూసి ఎవరో మళ్లీ తెలుగులోకి దింపారు.
కింద ఒరియాలో ఇంకో రకం తప్పు.
ఎవరెలా పిలిచినా బండి ఆగితే చాలనుకున్నాం,
ఒక్కరూ అర్జీ పెట్టలేదు.

రెండడుగుల పట్టాల మీద
నౌపడ ఉప్పు ఎగువకి,
చింతపండూ అడ్డాకులూ దిగువకి.
గంటంటే దూలానికి వేలాడే పట్టా ముక్క.
దుంపల తవిటయ్య మేకుతో మూడుసార్లు కొడితే
టెక్కలిలో బండి కదిలినట్టు.
అప్పుడే మా వీధిలో ఎసట్లో బియ్యం పడేవి.

టిక్కెట్లిచ్చే బెహరా మాస్టారు
తూకం మిషను మీద పిల్లల్ని ఊరికే నిలబెట్టేవాడు.
ఉప్పుబస్తా కన్నా ఎంత తేలికో చెప్పి
జేబులోంచి బెల్లంముక్క తీసేవాడు.

ఒక శ్రావణం రాత్రి మహేంద్రతనయ పొంగింది.
ముందు లైను నీళ్లలో.
ఎగువ బండి మా దగ్గరే నిలిచిపోయింది.
పాతపట్నం వెళ్లాల్సిన నిండు చూలాలు
తవిటయ్య పెళ్లాం భుజం పట్టుకుని దిగింది.
పార్సిల్ గదిలో, తడి గోనెల మీద,
సిగ్నల్ లాంతరు ఎర్ర వెలుగులో బొడ్డు కోశారట.
తెల్లారేదాకా పిల్ల ఏ రంగో ఎవరికీ తెలియలేదు.

మాస్టారు ఒక టిక్కెట్టు అట్టకి తారీఖు గుద్ది
వెనక సిరాతో రాసిచ్చాడు:
ఆడపిల్ల. మూడు సేర్లు. చార్జీ లేదు.
అదీ మా అమ్మ.
పేరు దాలమ్మ, పిలుపు టేసను.

తర్వాత పెద్ద లైనొచ్చింది.
మమ్మల్ని మైలు దూరం నుంచే చూసి వంగిపోయింది.
చిన్న బండి ఆఖరి రోజుకి
మాస్టారూ లేడు, తవిటయ్యా లేడు.
బండి ఆలస్యం, మామూలుగానే.
పట్టాలు లారీలెక్కాయి. గంట బడికెళ్లింది.
టిక్కెట్ల గదిలో ఇప్పుడు జీడిపిక్కల బస్తాలు,
బోర్డు ఎవరి గేదెల సాలకో తలుపు;
కోర వరకే కనిపిస్తుంది, మిగతాది పేడ.

మొన్న పింఛను కాగితాలకని వెళ్తే
మండలాఫీసు కుర్రాడు కంప్యూటరంతా వెతికి
పుట్టిన ఊరు తప్పు రాశారమ్మా,
కోరవల్స అని ఎక్కడా లేదన్నాడు.

అమ్మ కొంగుముడి విప్పింది.
అట్టముక్క బల్ల మీద పెట్టి,
గుద్దిన అంకెల మీద
వాడి వేలు తనే పట్టుకుని రుద్దించింది.

"ఊరు నేదంతావేటి బాబూ,
మరి ఆ రేతిరి
బండి ఆగిందెక్కడ?"