తిరుగు బాణం

చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
తోతాపురి కాలం.
గేటు ముందర ట్రాక్టర్లు, ఈగలు, పులిసిన తీపి వాసన.
పైన రేకుల గదిలో
ఒక్క ఫ్యాను కింద ఇద్దరం.

చెంగల్రాయులు బొమ్మ గీస్తాడు.
డబ్బా, బాణం, డబ్బా.
తూకం నుంచి కడిగే తొట్టికి, తొట్టి నుంచి మిల్లుకి,
మిల్లు నుంచి ఆవిరికి.
నేను వాక్యాలు రాస్తాను.
వేడి తొంభై దాటకపోతే వెనక్కి పంపు,
మూడుసార్లు వెనక్కొస్తే గంట కొట్టు.
అతని గీతా నా రాతా కలిస్తేనే
యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం పుట్టేది.

"బొమ్మ చూస్తే పసిబిడ్డకైనా తెలుస్తాది" అంటాడు.
"నీ బొమ్మలో 'కాకపోతే' అనే మాట యాడుంది?" అంటాను.
"నీ నాలుగొందల లైన్లలో
ఇప్పుడు పండు యాడుందో వేలు పెట్టి చూపించు మే."
నిజమే. చూపించలేను.

మూడో వారం బాయిలర్ రెడ్డెప్ప పైకొచ్చాడు,
మెట్టు మెట్టుకీ గుజ్జు చెప్పుల అచ్చులు వేసుకుంటూ.
గోడ మీది బొమ్మ ముందు నిలబడి
ఆవిరి డబ్బా మీద వేలు ఆనించి అడిగాడు:
"ఉడకనిది యాడికి పోతాదప్పా?"

బొమ్మలో దారి లేదు.
నా దగ్గర ఉంది, నూట పన్నెండో లైన్లో,
నేను తప్ప ఎవరూ చదవని చోట.
మూడు వారాలుగా అతనిదీ నిజమే, నాదీ నిజమే,
ఒకదాని మాట ఇంకొకదానికి తెలీదు.

ఇక ఒకటే నమూనా అనుకున్నాం.
బొమ్మా మాటా దానికి రెండు కిటికీలు.
ఇటు గీస్తే అటు పడాలి, అటు రాస్తే ఇటు కనబడాలి.
చెప్పడానికి బాగానే ఉంది.

నేను ఒక్క సెమికోలన్ పెట్టి సేవ్ చేశాను.
చెంగల్రాయులు డబ్బాలన్నీ
సంతలో తాడు తెగిన మేకల్లా చెల్లాచెదరు.
ఒక్క డబ్బా పోలేదు, ఒక్క బాణం తెగలేదు.
"అర్థం మారలేదు గదా" అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు అతను.
తర్వాత, నా వైపు చూడకుండా:
తూకం ఎడమ మూలన పెట్టింది గేటు అటు ఉంది కాబట్టి.
బాయిలర్ దూరంగా పెట్టింది
దాని పక్కన నిలబడితే చర్మం కాలుతుంది కాబట్టి.
గంట రెడ్డెప్ప కుర్చీకి కుడి పక్కన గీసింది
అతనికి ఎడమ చెవి వినపడదు కాబట్టి.

ఇవేవీ వ్యాకరణంలో లేవు.
ఖాళీ జాగాలో దాచుకున్నాడు.

మర్నాడు అతను ఒక బాణాన్ని కాస్త జరిపాడు.
నేను లైను పక్కన రాసుకున్నది మాయమైంది:
'కాగితంలో తొంభై. వాన పడిన కాయకి
తొంభై రెండు కావాలంటాడు రెడ్డెప్ప. మళ్ళీ అడగాలి.'
యంత్రానికి అక్కర్లేని మాటే.
ఆ సాయంత్రం నేను టీ తాగలేదు.

కిందికి దిగాను.
తూకం దగ్గర వళ్ళియమ్మ అరవంలో బుట్టలు లెక్కపెడుతోంది.
ఒణ్ణు, రెండు, మూణు.
కుళ్ళుకాయ కనబడితే తెలుగులో తిడుతోంది.
లెక్క తప్పదు, తిట్టు ఆగదు.
రెండు అన్నప్పుడు మాత్రం
అది ఏ భాషో నాకు అంతుపట్టలేదు.
ఆమె ఆలోచించినట్టు కూడా లేదు.

ఇప్పుడు నా వాక్యం చివర చిన్న తోక ఉంటుంది,
ఏ డబ్బా ఎక్కడ కూర్చుందో చెప్పడానికి.
అతని బొమ్మ మీద పసుపు చీటీ ఉంటుంది,
నా అనుమానాలకి.
ఇద్దరం ఒకేసారి ఒకే చోట మారిస్తే ఎవరి మాట నెగ్గాలో
ఇంకా తేలలేదు. పోట్లాడుకుంటాం.

తిరుగు బాణం గీశాం.
అది మొదలయ్యే చోట, గోడ కాగితం మీద
రెడ్డెప్ప వేలి గుజ్జు మరక అలాగే ఉంది.
దానికి చీమలు పట్టాయి.
బాణాల వెంట కాదు,
వాటికి తెలిసిన దారిన అవి పోతున్నాయి.