పాత బడి ఎనక దొరికిన చేప

సముద్రం లేదు మాకు.
కొల్లాపురం దాటి సోమశిల తొవ్వ దిగేకాడ
కృష్ణ ఎనక్కి తన్నిన నీళ్లే ఉన్నయి.

బోర్డు మీద రొయ్యను గీయించిన హోటల్ కాడ ఆగకు.
దాని ఫ్రిజ్‌కు నాలుగు దినాల జ్ఞాపకముంటది.
ఇంకింత దిగు,
చెప్పులకు బురద అంటేదాంక.
బోర్లేసిన పుట్టి పక్కన
మూడు రాళ్లు, ఒక పెనం, ఉసేనమ్మ.

కుర్మయ్య ఒడ్డెక్కినంకనే ఆ పొయ్యి అంటుకుంటది.
"యాడ దొరికింది?" అంటది
బూడిదతోని పొలుసు రుద్దుకుంట.
"బొచ్చె పాత బడి ఎనక.
జెల్లలు మీ పెద్దమ్మోళ్ల గోలెం కాడ."
ఊరు మునిగి నలభై ఏండ్లు దాటింది,
ఆయన వలకు ఇంకా వాడల పేర్లే తెలుసు.

చింతపులుసు, ఎల్లిగడ్డ, చిటికెడు మెంతులు.
జొన్నరొట్టె తుంచి ముంచు.
గొంతుల ముల్లు ఇరికితే
ఉత్త రొట్టెముద్ద మింగిపిచ్చి నవ్వుతది.
పైసలెంతంటే చేపను చూస్తది,
నిన్ను చూడదు.

పోయిన ఐతారం
నలుగురు దోస్తులను కారుల ఎక్కిచ్చుకొని పోయిన,
తొవ్వపొంటి ఆమె పులుసు గురించే చెప్పుకుంట.
పొయ్యి సల్లగుంది.
"గాలి లేచింది, పుట్టి పోలే. ఇయ్యాల లేదు."
"మరి పైన హోటల్ల..."
"ఆడ రోజూ ఉంటది" అన్నది,
అదే దాని తప్పన్నట్టు.

దోస్తులు పైకి పోయిన్రు.
నేను ఆ పుట్టి నీడల కూసొని
ఆమె పెట్టిన రొట్టె, పచ్చికారం తిన్న.
వంగి నీళ్లల్ల చేతులు కడుక్కున్న.
అది ఎవరి వాకిలో
కుర్మయ్యను అడగలే.