వంతు

ఫోంబోని రేవులో పడవ అంచున కూచుని
హలీది వేళ్ళు ముడుస్తున్నాడు:
ఒక దఫా అగ్నికొండ దీవికి,
ఒక దఫా లవంగాల దీవికి,
ఇదిగో, ఇప్పుడు చిటికెన వేలికి.

"మురిసిపోకు" అంది ఎషాటి
ఎండుచేపలు తిరగేస్తూ.
"మనలో ముగ్గుర్ని మనం ఏరాలి.
ఆ ముగ్గుర్లో ఒకణ్ణి అందరూ కలిసి ఏరతారు.
అందరూ అంటే ఎవరు? ఆ రెండు దీవులూ.
చేప మనది, కత్తి వాళ్ళది."

అతనేం మాట్లాడలేదు.
తెల్లారకముందే బ్యాలెట్ పెట్టెలు తెచ్చింది అతనే,
తడుస్తాయని చొక్కా విప్పి కప్పి.
ఖాళీ పెట్టెలే.
అయినా ఎందుకో దారంతా
తెడ్డు బరువుగా పడింది.

మధ్యాహ్నం వరసలో
కళ్ళు సరిగా ఆనని ముసలి ముసిన్ అడిగాడు:
"గెలిచినవాడు అక్కడికెళ్ళి
మన యాస మరిచిపోతే?"
వెనకనించి ఎవరో:
"మరిచిపోనీ తాతా,
వాళ్ళ యాసలో తిట్లు తినీ తినీ
చెవులు కాయలు కాశాయి.
ఒక్కసారి మన తిట్టు
అక్కడ వినబడితే చాలు."

వరసంతా నవ్వింది.
ఎషాటి నవ్వలేదు.
విడిపోదాం అనుకున్న ఏడు
రాత్రంతా దీపం ముందు తను కుట్టిన జెండా,
చుక్కలు ఎన్నో కూడా సరిగా తేలని జెండా,
ఇవాళ చేపలగంప మీద కప్పి వచ్చింది.
ఈగలు వాలకుండా.