పాలు విరగ్గొట్టలేక

పర్లాకిమిడిలో మూడ్రోజులుగా ముసురు.
వంశధార పొంగి గుణుపురం బస్సు రాలేదు,
బస్సు మీద రావలసిన ఛెనా తట్టా రాలేదు.
ఆసుపత్రి నుంచి దిగిన పక్కింటి నళిని మావుసికి
నోరంతా మందుల చేదు,
ఛెనాపోడొ కావాలంది.

పాలల్లో నిమ్మకాయ పిండితే అదే ఛెనా.
తెలుసు.
చెయ్యి రాలేదు.
పొయ్యి మీద పాలు విరిగిన రోజు
మా అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు.

పాత పంచెలో గేదె పెరుగు మూటగట్టి
కుళాయికి వేలాడదీశాను.
తెల్లార్లూ బొట్టూ బొట్టూ.
పొద్దున్నే అందులో ఇంత కోవా, పిడికెడు బొంబాయిరవ్వ,
మా ఇంట్లో ఉంటాయి కాబట్టి యాలకులు.
గిన్నెలో శాలాకులు పరిచి
మూత మీద కూడా నిప్పులు పోశాను.
అడుగు మాడింది. మాడాలి కూడా.

మావుసి ముక్క చప్పరించి
చాలాసేపు కిటికీలోంచి వాన చూసింది.
"పుల్లగా ఉందేమే పారమ్మా,
పాలు విరగ్గొట్టడానికి భయపడ్డావు కదూ?"

తలూపాను.

"విరక్కపోతే మా అత్త
నన్ను తిట్టేదే," అని నవ్వబోయి దగ్గి,
రెండో ముక్క తీసుకుంది,
మాడిన వైపే వెతుక్కుని.