సంకల్పం లేని ఆకలి

షెమ్సా వేలికొన నుంచి ఒక చుక్క తీశాను.
మీటరు కాసేపు ఆలోచించుకుని
పెద్ద అంకె చూపించింది.
ఆవిడ అటు చూడలేదు.
కిటికీలోంచి ద్రీనా నదిని చూస్తూ
"ఎల్లుండి నెలవంక కనిపిస్తుందిట" అంది.

డాక్టరు చెప్పమన్నవన్నీ చెప్పాను.
ఒక్కపొద్దులు వద్దు. మాత్ర వేస్తే తిండి తినాల్సిందే.
బురెక్ వద్దు, బక్లావా వైపు చూడనే వద్దు,
తెల్ల రొట్టె అగ్గిపెట్టెంత ముక్క.
అగ్గిపెట్టె అనగానే నవ్వింది,
మిగిలిన నాలుగు పళ్ళూ కనిపించేట్టు.

"ఆ చలికాలం అగ్గిపెట్టెంతైనా లేదు పిల్లా.
దురదాకు ఉడకేసుకుని తాగాం.
మా జుల్ఫికార్ రాత్రిళ్ళు మంచులో కొండ దాటి
పిండి మూట వీపున మోసుకొచ్చేవాడు.
మూడోసారి కూడా మూట వచ్చింది,
వేరేవాళ్ళ వీపు మీద."

నేను పుట్టకముందు సంగతి ఇది.
అయినా మా అమ్మ మంచం కింద
ఇప్పటికీ రెండు బస్తాల పిండి ఉంటుంది,
పురుగు పట్టినా పారెయ్యనివ్వదు.
గొరాజ్దెలో సగం తలుపులు నాకు తెలుసు,
ఏ తలుపు తట్టినా చక్కెర జబ్బే,
ఏ తలుపు తీసినా ముందు పళ్ళెమే.
ఆకలి రుచెరుగదంటారు.
ఆ ఆకలి తీరినవాళ్ళు చాలు అనడం ఎరుగరు.
మా చార్టులో దానికి గడి లేదు.

"జబ్బుమనిషికి మినహాయింపు ఉందని
ఇమామ్ గారే అన్నారు కదా" అన్నాను.

"అన్నారు. రోజుకో పేదకి అన్నం పెట్టమన్నారు.
పెడతాను, అదెంత పని.
కానీ విను.
మూడేళ్ళు పస్తున్నాను.
అందులో ఒక్క రోజూ జమ కాదు.
నియ్యత్ లేదు కదా దానికి,
ఎవరో కొండ మీద ఫిరంగి పెట్టుకుని
నా చేత చేయించిన పస్తు.
పళ్ళెం నిండుగా ఉండగా
నా అంతట నేను
చెయ్యి వెనక్కి తీసుకోవాలి,
ఒక్క నెల."

పాదాలు రోజూ చూసుకోమని చెప్పి
సంచి సర్దుకున్నాను.
ఇంకేం చెప్పాలో కరపత్రంలో లేదు.

నాలుగో రోజు సాయంత్రం ఎదురింటి కుర్రాడు పరుగున వచ్చాడు.
వంటింటి గచ్చు మీద షెమ్సా,
ఒళ్ళంతా చెమట, మాట తడబాటు.
వేకువన మాత్ర వేసుకుంది, ఆపైన ఏమీ లేదు.
చక్కెర ముట్టుకోవద్దన్న ఈ చేత్తోనే
చక్కెర బిళ్ళ పెదాల మధ్య పెట్టాను.
పళ్ళు బిగించింది.
నాలుగు పళ్ళకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో!
గడ్డం పట్టుకుని, తప్పనిసరై, తెరిచాను.

కళ్ళు తెరిచి ముందు గోడ గడియారం చూసింది.
"ఇంకా పదకొండు నిమిషాలు ఉన్నాయి" అంది
నా వంక తిరక్కుండా.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
మినార్ మీద దీపాలు వెలిగాయి.
నేను చేసింది సరైన పనే. డాక్టరూ అదే అన్నాడు.
అయినా ఆ గడ్డం వేళ్ళకి ఇంకా తగులుతోంది.

పండగ ముందు రోజు కబురు పెట్టింది.
మీటరు తీసుకుని వెళ్ళాను.
బల్ల మీద పొగలు కక్కుతూ బురెక్, పక్కన పెరుగు,
ఒక్కటే పళ్ళెం.
"నేను వదిలేసిన రోజులకి బదులు
ఒకరికి తిండి పెట్టాలి. కూర్చో."
"నేను పేదదాన్ని కాదు, షెమ్సా."
"ఆ మణికట్టు చూసుకుని చెప్పు" అంది.

నేను డైటింగ్‌లో ఉన్నాను,
జనవరి నుంచి.
పళ్ళెం ఖాళీ అయ్యేదాకా
ఆవిడ నా నోటినే చూస్తూ
ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూర్చుంది.