రెండు సున్నాలు

తీర్పు చెప్పిన రోజు
నాగరంపాలెం కోర్టు వరండాలో
నా పేరు రెండోసారి చదివి నవ్వాడు సర్కారు ప్లీడరు.
“మురికిపూడి నాగభూషణం!
బట్టలుతికేవాడివి, ఇంటిపేరులోనే
మురికి పెట్టుకున్నావేమయ్యా?”
నేనూ నవ్వాను.
తొమ్మిది వేల ఐదొందలు ఇప్పిస్తామన్న రోజు
మనిషి దేనికైనా నవ్వుతాడు.

పోయింది ఇత్తడి ఇస్త్రీపెట్టె.
ఏడు కిలోలు. మూత గొళ్ళెం మీద కోడిపుంజు.
తోక అరిగి అరిగి
పుంజు పెట్టయిందని మా ఆవిడ వేళాకోళం.
తెల్లారేసరికి బండి కింద గొలుసు తెగి ఉంది.
పక్కనే బొగ్గుల బస్తా, ముట్టుకోలేదు.
నిప్పు నాకొదిలేసి
పెట్టె పట్టుకుపోయాడు.

లాలాపేట పాతసామాన్ల కొట్లో తూకానికి వేశాడట.
పోలీసులు వెళ్ళేసరికే కరిగిపోయింది.
ఇప్పుడది ఎవరింట్లో కుళాయో,
ఎవరి తలుపుకి గడియో.
కొత్త ఇత్తడి ఎక్కడ మెరిసినా
వంగి చూస్తాను, కోడి ముక్కేమైనా మిగిలిందా అని.

కాగితంలో నేను పి.డబ్ల్యు. వన్.
వాడు ఏ వన్.
మిఠాయి కొట్ల బోర్డుల మీద
మేలైన సరుకుకి రాసే మాట
వాడికిచ్చారు.

రెండు నెలల్లో అన్నారు. పద్నాలుగు నెలలైంది.
ముందు అప్పీలు గడువు దాటాలన్నారు,
దాటింది.
తర్వాత నాజరు గారు సెలవు.
తర్వాత నాజరు గారున్నారు, చలానా రాలేదు.
చలానా సంగతి తేలేలోపు ఇంకో చిక్కు:
పాస్‌బుక్కులో నాగభూషణం,
ఆర్డర్లో నాగభూషణరావు.
ఆ రావు ఎవరో రుజువు చేసుకోమన్నారు.
అయ్యా, నాకప్పుడే అర్థమైంది,
డబ్బులు రావు అని
నా పేరు పక్కనే రాసిపెట్టారు.

అద్దె పెట్టెతో నెట్టుకొస్తున్నాను, రోజుకి ఇరవై.
బొగ్గుముక్కతో గోడ మీద లెక్కేసింది మా ఆవిడ,
ఎనిమిది వేల నాలుగొందలు.
“ఇంకో రెండు నెలలు ఓపిక పట్టు,
వచ్చేదీ పోయేదీ సరిసమానమవుతాయి,
ఇక కోర్టుకి తిరిగే పని ఉండదు” అంది
పప్పులో తాలింపు వేస్తూ.

వాడు ఒక్కసారి కనిపించాడు,
ఇంకేదో కేసు వాయిదాకి, పోలీసు పక్కన.
మిర్చియార్డు మీంచి గాలి తిరిగి
వరండా అంతా ఒక్కసారే తుమ్మింది,
వాడూ, నేనూ, పోలీసూ.
చొక్కా కాలరు కింద అడ్డదిడ్డంగా మడత.
తిట్టాలని నోరు తెరిచాను గానీ
చెయ్యి ఆ మడత దగ్గరే ఆగిపోయింది.
ముప్పై ఏళ్ళ అలవాటు,
మనిషిని చూడదు, గుడ్డని చూస్తుంది.

జేబులో తిరిగి తిరిగి
ఆర్డరు కాపీ మడతల దగ్గర చివికింది.
మడతంటే నాకు సహించదు.
మొన్న బండి మీద పరిచి
దాని మీదా పెట్టె తిప్పాను.
వేడెక్కువైంది. జిరాక్సు సిరా కరిగి
పెట్టె అడుగుకి అంటుకుంది.
నేను చూసుకోలేదు.
వెంటనే వేసిన చొక్కా
సర్కారు ప్లీడరుది.
గంజి పెట్టిన తెల్ల చొక్కా, జేబు మీద
బూడిదరంగులో రెండు సున్నాలు.

నిమ్మకాయ రుద్దాను. కిరసనాయిలు రుద్దాను.
రెండు రోజులు మిట్టమధ్యాహ్నం ఎండలో వేశాను.
వెలిశాయి, పోలేదు.
కాగితంలో ఇప్పుడు మిగిలింది తొంభై ఐదు.

చొక్కా మడిచి ఇచ్చేశాను,
జేబు లోపలికి వచ్చేలా.
ఆయన చూడలేదు. తొడుక్కున్నాడు,
పైన నల్లకోటు.

ఇప్పుడు వాయిదా ఉన్నా లేకపోయినా వెళ్తున్నాను.
వెనక బెంచీలో కూర్చుంటాను.
ఎవరి కేసులోనో లేచి ఆయన వాదిస్తుంటే
ఆ నల్లకోటు కింద, ఎడమ పక్కన,
నా రెండు సున్నాలు పైకీ కిందికీ ఊపిరి తీస్తుంటాయి.

ఫాల్గుణం వెళ్తోంది.
ఎండాకాలం కోటు తీసేయొచ్చని
వాళ్ళకి ఆర్డరొస్తుందట.
గుంటూరు ఎండ
ఎవరికీ వాయిదా ఇవ్వదు.